విడిపోయింది అమ్మానాన్న, సర్దుకోవాల్సింది పిల్లలు

‘పిల్లల మొహం చూసి సర్దుకుపోతున్నాను’ అనే మాట మన ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లను నిలబెట్టిందో లెక్కలేదు. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. తల్లిదండ్రులు విడిపోతే పిల్లల బతుకు పాడైపోతుంది, ఒకే కప్పు కింద ఉంటే మాత్రం ఎలాగో ఒకలాగ గట్టెక్కుతారు అని. గత యాభై ఏళ్లుగా పరిశోధకులు ఈ నమ్మకాన్ని పరీక్షిస్తూనే ఉన్నారు. వాళ్లలో వాళ్లకు చాలా తగాదాలున్నాయి కానీ ఒక్క విషయం దగ్గర చాలామంది కలుస్తారు. పిల్లలు ఎలా పెరుగుతారన్నది కోర్టు ఇచ్చే విడాకుల కాగితం కంటే మూడు విషయాల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. విడిపోకముందు ఇంట్లో ఎంత గొడవ జరిగింది, విడిపోయాక అది ఎంతకాలం సాగింది, ఆ గొడవలో పిల్లల్ని ఎక్కడ నిలబెట్టారు.

ఈ చర్చ మొదట వేడెక్కింది అమెరికాలో. 1971లో జుడిత్ వాలర్‌స్టీన్ అనే మనస్తత్వవేత్త కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో అప్పుడే విడిపోతున్న 60 కుటుంబాలను ఎంచుకున్నారు. వాళ్ల పిల్లలు 131 మంది. పాతికేళ్ల పాటు ఆ పిల్లల్ని మళ్లీ మళ్లీ కలుస్తూ, గంటల తరబడి మాట్లాడించారు. చివరికి ఆమె తేల్చిందేమిటంటే ఈ దెబ్బ చిన్నతనంతో పోయేది కాదు, వాళ్లు పెద్దయ్యి ప్రేమ, పెళ్లి దాకా వచ్చాక మళ్లీ పైకి తేలుతుంది అని. మాటలు బలంగా ఉన్నాయి, పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. కానీ తోటి పరిశోధకులు గట్టిగా నిలదీశారు. అరవై కుటుంబాలూ కలిగినవాళ్లుండే ఒకే ప్రాంతానివి. పైగా కలిసి ఉంటున్న తల్లిదండ్రుల పిల్లల్ని కూడా మొదటి నుంచీ అలాగే గమనించి పోల్చి చూడలేదు. ఇరవై అయిదేళ్ల వయసులో ప్రేమంటే భయపడే కుర్రాళ్లు కలిసున్న ఇళ్లలోనూ ఉంటారు కదా అన్నది వాళ్ల ప్రశ్న.

రెండో వైపు మేవిస్ హెదరింగ్టన్. వర్జీనియాలో ఈమె దాదాపు 1,400 కుటుంబాలను, 2,500 మందికి పైగా పిల్లలను కొన్ని దశాబ్దాల పాటు గమనించారు. కలిసున్న కుటుంబాలతోనూ పోల్చి చూశారు. విడాకులైన ఇళ్ల పిల్లల్లో 20 నుంచి 25 శాతం మందికి తీవ్రమైన మానసిక, ప్రవర్తన సమస్యలు కనిపించాయి. కలిసున్న ఇళ్లలో అలాంటి పిల్లలు సుమారు 10 శాతం. ఈ అంకెల్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. ‘ప్రమాదం రెట్టింపు’ అనొచ్చు, ‘నలుగురిలో ముగ్గురు బాగానే ఉన్నారు’ అనొచ్చు. హెడ్డింగ్ పెట్టేవాళ్ల ఇష్టం. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచితేనే తప్పు. 1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అప్పటిదాకా వచ్చిన 92 అధ్యయనాలను కలిపి లెక్కగడితే కూడా ఇలాంటిదే తేలింది. చదువులో, ప్రవర్తనలో, తమ మీద తమకున్న నమ్మకంలో తేడా ఉంది. అయితే సగటున ఆ తేడా జనం ఊహించుకున్నంత పెద్దది కాదు.

బాగానే ఉన్నారంటే నొప్పి లేదని అర్థం కాదు. రాబర్ట్ ఎమరీ అనే మరో మనస్తత్వవేత్త ఈ విషయం మీదే ఎక్కువ పనిచేశారు. చదువుకుంటూ, స్నేహితులతో తిరుగుతూ పైకి ఏ లోటూ లేకుండా కనిపించే కాలేజీ విద్యార్థుల్ని ఆయన బృందం అడిగితే, విడాకులైన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది ‘మిగతావాళ్ల కంటే నా చిన్నతనం కష్టంగా గడిచింది’ అన్నారు. పరీక్షల్లో ఫస్ట్ క్లాసులు వస్తున్నాయి కాబట్టి పిల్లకు ఏమీ కాలేదని చుట్టాలు తేల్చేస్తారు. మార్కుల జాబితాలో దిగులుకు కాలమ్ ఉండదు మరి.

గొడవ ముందా, విడాకులు ముందా?

1991లోనే ఆండ్రూ చెర్లిన్ బృందం ఒక ముఖ్యమైన పని చేసింది. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన వేలమంది పిల్లల వివరాలు ఏళ్ల తరబడి నమోదై ఉన్నాయి. అందులోంచి, ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులు కలిసే ఉండి, పదకొండేళ్లు వచ్చేలోపు విడిపోయిన పిల్లల్ని తీసి చూశారు. విడాకుల తర్వాత కనిపించిన సమస్యల్లో చాలా భాగం, ముఖ్యంగా మగపిల్లల్లో, ఏడేళ్లప్పుడే, అంటే ఇంకా ఎవరూ విడిపోకముందే ఉన్నట్టు తేలింది. క్లాసులో కొట్లాడే పిల్లాణ్ని చూసి ‘తల్లీతండ్రీ విడిపోయారుగా, అందుకే’ అనే టీచరు, వాడు మూడేళ్లుగా ఎలాంటి ఇంట్లోంచి బడికి వస్తున్నాడో చూడలేదన్నమాట.

అమాటో బృందమే మరో అడుగు ముందుకు వేసింది. 1980 నుంచి గమనిస్తూ వచ్చిన దంపతుల పిల్లల్ని వాళ్లు పెద్దయ్యాక కలిసి, 1995లో ఫలితాలు ప్రచురించింది. ఇంట్లో రోజూ అరుపులు, కొట్లాటలు ఉన్నచోట తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు తర్వాత మెరుగ్గా ఉన్నారు. అలాంటి ఇళ్లలోనే విడిపోకుండా ఉండిపోయిన దంపతుల పిల్లలు ఎక్కువ దెబ్బతిన్నారు. తలకిందులైంది రెండో రకం ఇళ్లలో. పెద్దగా గొడవల్లేని ఇంట్లో హఠాత్తుగా విడాకులు వస్తే పిల్లలు బాగా కుంగిపోయారు. వాళ్ల దృష్టిలో నిన్నటిదాకా అంతా మామూలే. ఒకరోజు పొద్దున్నే నాన్న సూట్‌కేసుతో వెళ్లిపోయాడు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. ప్రపంచంలో ఏదైనా ఇలాగే ఒక్కరోజులో కూలిపోవచ్చన్న భయం అక్కడే మొదలవుతుంది.

కాబట్టి ‘పిల్లల కోసం’ అనే మాటకు ఒకే జవాబు లేదు. ఏ ఇల్లన్నది చూడాలి. అయితే మన దగ్గర ‘గొడవల్లేని ఇల్లు’ అంటే ఏమిటో కూడా కాస్త ఆలోచించాలి. నెలల తరబడి మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేని ఇళ్లు తెలుగువాళ్లకు కొత్త కాదు. ‘మీ నాన్నకు అన్నం పెట్టానని చెప్పు’ అని వంటింట్లోంచి ఒకరు, ‘ఆకలి లేదని చెప్పు’ అని హాల్లోంచి ఇంకొకరు. మధ్యలో అయిదో తరగతి పిల్ల అటూ ఇటూ తిరుగుతుంటుంది, ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినపడుతున్నా సరే. చుట్టుపక్కలవాళ్లకు అరుపులు వినిపించవు కాబట్టి అది ప్రశాంతమైన కాపురం. ఆ పిల్ల లెక్కలో మాత్రం కాదు.

విడిపోయీ విడిపోని ఇళ్లు

అమెరికా అధ్యయనాల్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడంలో ఒక చిక్కుంది. అక్కడ విడాకులు అంటే ఎక్కువ సందర్భాల్లో ఒక తేదీ, ఒక డిక్రీ, ఆ తర్వాత ఒక పద్ధతి. మన దగ్గర చాలా కాపురాలు అంత స్పష్టంగా ముగియవు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు సుమారు 13.6 లక్షల మంది. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవాళ్లు దానికి దాదాపు మూడు రెట్లు. అంటే విడిపోయిన తల్లిదండ్రుల పిల్లల గురించి మాట్లాడేటప్పుడు మనం ముందు చూడాల్సింది కోర్టు గడప తొక్కని ఇళ్లనే.

తెలుగులో దీనికి మర్యాదైన మాట ఒకటుంది: ‘అమ్మాయి పుట్టింట్లో ఉంటోంది.’ పురిటికో పండక్కో వచ్చినట్టు వచ్చి, నాలుగేళ్లయినా వెళ్లకపోతే ఊరికి అర్థమైపోతుంది. పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పరు. ‘నాన్న డ్యూటీ మీద ఉన్నాడు’, ‘ఫారిన్‌లో ఉన్నాడు’, ‘వచ్చే సంక్రాంతికి వస్తాడు’. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం మంచిది కాదు. అయిదారేళ్ల పిల్లలు తమకు తెలియనిదాన్ని ఊహతో పూరించుకుంటారు, ఆ ఊహలో తప్పు ఎప్పుడూ తమదే. ‘నేను అల్లరి చేశాననే నాన్న రావట్లేదు’ అని నమ్మే పిల్లలు చాలా దేశాల్లో కనిపించారు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ తడపడం, అమ్మ స్నానానికి వెళ్లినా తలుపు దగ్గరే కూర్చోవడం, బొమ్మకు పేరు పెట్టి దాన్ని గదిమి గదిమి ఏడిపించడం ఈ వయసులో కనిపించే గుర్తులు. చాలామందిలో ఇవి కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. తగ్గాలంటే రోజూ ఒకే వేళకు అన్నం, ఒకే వేళకు నిద్ర, ‘ఇందులో నీ తప్పేం లేదు’ అని మళ్లీ మళ్లీ చెప్పే ఒక పెద్ద మనిషి ఉండాలి. ఒక్కసారి చెప్తే సరిపోదు, ఎందుకంటే ఒక్కసారి అడిగి ఊరుకోరు.

కొంచెం పెద్ద పిల్లల్లో ఆశ ఎక్కువ. ఏడెనిమిదేళ్లవాళ్లు అమ్మానాన్నల్ని కలపడానికి పథకాలు వేస్తారు. పుట్టినరోజుకు ఇద్దరూ రావాలని పట్టుబడతారు, జ్వరం తగ్గినా తగ్గలేదంటారు. పది దాటాక కోపం వస్తుంది, ఒక పక్షం వైపు చేరిపోతారు. టీనేజ్‌లో ఉన్నవాళ్లు ఇంట్లో కంటే బయటే ఎక్కువ గడుపుతారు. వీటన్నిటికంటే మన ఇళ్లలో తేలిగ్గా దాటిపోయేది పెద్ద కూతురి పరిస్థితి. పన్నెండేళ్లకే తమ్ముణ్ని బడికి తయారుచేస్తుంది, అమ్మ ఏడిస్తే ఓదారుస్తుంది, లాయరు ఫీజెంతో తెలుసు, ఇంటి అద్దె ఎన్నో తేదీన కట్టాలో తెలుసు. ‘మా అమ్మాయికి వయసుకు మించిన బుద్ధి’ అని అందరూ మెచ్చుకుంటారు. అమ్మ బాధ వినడానికి ఆ పిల్ల ఉంది. ఆ పిల్ల బాధ వినడానికి ఎవరున్నారన్న సంగతి ఎవరికీ గుర్తుకురాదు. హెదరింగ్టన్ చూసిన పిల్లల్లో ఇలాంటి బాధ్యతల వల్ల నిజంగానే ఎంతో సమర్థులైనవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా ఆడపిల్లల్లో. బరువు మోయగలిగినంత ఉండి, పక్కన ఒక పెద్దదిక్కు ఉన్నప్పుడే అది సాధ్యమైంది.

ఆదివారం సాయంత్రం విచారణ

పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ నలిపేది ఇద్దరి మధ్య ఇరుక్కోవడం. 1991లో బుకానన్, మకోబీ, డార్న్‌బుష్ అనే ముగ్గురు పరిశోధకులు కాలిఫోర్నియాలో విడాకులైన ఇళ్ల టీనేజ్ పిల్లల్ని సరిగ్గా ఇదే అడిగారు. అమ్మానాన్నల మధ్య చిక్కుకుపోయినట్టు అనిపిస్తోందా, ఒకరి కబురు ఇంకొకరికి మోయమంటున్నారా, ఒకరి ఇంట్లో సంగతులు ఇంకొకరు ఆరా తీస్తున్నారా. అలా చిక్కుకున్నామన్న పిల్లల్లోనే దిగులు, తప్పుదారి పట్టడం ఎక్కువ కనిపించాయి. పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారు అన్నదాని కన్నా ఇది పెద్ద విషయమైంది.

దీని తెలుగు రూపం చూడాలంటే ఆదివారం సాయంత్రం ఆరింటికి ఏదో ఒక అమ్మమ్మ ఇంట్లో చూడాలి. పిల్లాడు తండ్రి దగ్గర రోజంతా గడిపి వచ్చాడు. చెప్పులింకా విప్పలేదు. ‘ఏం పెట్టార్రా తినడానికి? మీ నాయనమ్మ నా గురించి ఏమంది? ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? కొత్త కారు కొన్నాడటగా?’ వాడు ఒక్క క్షణం ఆగి, అమ్మ మొహం చూసి, ‘ఏం బాగోలేదు, బోరు కొట్టింది’ అంటాడు. అప్పుడు అందరి మొహాలూ వెలుగుతాయి. వచ్చే వారం అక్కడ ‘మీ మావయ్య నన్ను తిడుతున్నాడా?’ అని అడిగితే అక్కడికి పనికొచ్చే జవాబూ వాడి దగ్గర రెడీగా ఉంటుంది. రెండు ఇళ్లలోనూ నిజం చెప్పలేని పరిస్థితి అది. ‘మా దగ్గరున్నప్పుడు బాగానే ఉంటాడు, అక్కడికి వెళ్లొచ్చాకే మొండిగా తయారవుతున్నాడు’ అని రెండు ఇళ్లవాళ్లూ ఒకేలా, ఒకే నిజాయితీతో చెప్తారు. పిల్లాడికి కష్టమైంది ఏ ఒక్క ఇల్లూ కాదు, ఒక ఇంటి మనిషి నుంచి ఇంకో ఇంటి మనిషిగా మారాల్సిన ఆ అరగంట.

మన దగ్గర అమ్మమ్మ, తాత, మేనమామల అండ నిజంగా పెద్ద బలం. తల్లి ఉద్యోగానికి వెళ్తే పిల్లలు డేకేర్‌లో కాకుండా సొంతవాళ్ల మధ్య పెరుగుతారు. కానీ కక్ష విషయంలో కూడా అంతమందీ భాగస్వాములే. భార్యాభర్తలకు మూడేళ్లలో కోపం చల్లారినా, రెండు వైపుల పెద్దవాళ్లకు పదేళ్లయినా చల్లారదు. ఈ గొడవలో నాయనమ్మ, తాతయ్యల్ని పిల్లలు పూర్తిగా పోగొట్టుకోవడం మామూలైపోయింది. అది ఎవరి లెక్కలోకీ రాని నష్టం.

కోర్టు ఏం చేయగలదు?

చట్టం పరంగా మన దగ్గర ఆధారం పాతదే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. హిందువులకు దానికి తోడు 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలంటుంది ఆ చట్టం. అన్నిటికంటే పిల్లల మేలే ముఖ్యమని కూడా అదే చెప్తుంది. పిల్లలకు ఊహ తెలిసే వయసుంటే జడ్జి వాళ్ల ఇష్టం తెలుసుకోవచ్చు, చాంబర్‌లోకి పిలిచి మాట్లాడొచ్చు. జడ్జి మంచిగానే అడుగుతారు. కానీ ‘నీకు ఎవరి దగ్గర ఉండాలనుంది?’ అన్న ప్రశ్నకు తొమ్మిదేళ్ల పిల్ల చెప్పే ఏ జవాబైనా ఒకరికి ద్రోహం చేసినట్టే తోస్తుంది ఆమెకు. బయట వరండాలో ఇద్దరూ ఎదురుచూస్తున్నారని తెలుసు.

2015 మేలో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని, అంటే పిల్లల సంరక్షణ ఇద్దరికీ ఉండే పద్ధతిని, చట్టంలో చేర్చాలని సిఫార్సు చేసింది. చట్టం మారలేదు. 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు, తల్లీతండ్రీ ఇద్దరి ప్రేమా పొందడం పిల్లల హక్కు అని, దూరంగా ఉంటున్న తల్లి లేదా తండ్రి పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడుకునేలా ఏర్పాటు చేయాలని చెప్పింది. ఆచరణలో ఇప్పటికీ ఎక్కువగా వినిపించేది ‘తల్లి దగ్గర కస్టడీ, తండ్రికి నెలలో రెండు ఆదివారాలు’ అన్న ఏర్పాటే. గొడవ ముదిరిన కేసుల్లో ఆ కలయిక కోర్టు ఆవరణలోనే జరుగుతుంది. వాయిదాలకు వచ్చినవాళ్లు, నల్లకోట్లు, పోలీసులు తిరిగే చోట, గంటో రెండు గంటలో, ఒక బొమ్మో చాక్లెట్ డబ్బానో చేతిలో పెట్టుకుని తండ్రి ఏం మాట్లాడాలో తెలియక ‘బాగా చదువుతున్నావా?’ అంటాడు.

కోర్టులో మనస్ఫూర్తిగా జరిగే ప్రయత్నం ఇంకొకటుంది, కౌన్సెలింగ్. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టమే ముందు రాజీకి ప్రయత్నించాలంటుంది. ఇబ్బందేమిటంటే మన కౌన్సెలింగ్‌కు తెలిసిన రాజీ ఒక్కటే, మళ్లీ కాపురానికి పంపడం. కలవరని తేలిపోయిన ఇద్దరికి, పిల్లల్ని నలపకుండా ఎలా విడిపోవాలో నేర్పేవాళ్లు బహు తక్కువ. ఎమరీ బృందం వర్జీనియాలో చేసింది సరిగ్గా ఆ పనే. కస్టడీ కోసం కోర్టుకెక్కిన కుటుంబాల్లో కొన్నింటిని చీటీ తీసినట్టు మధ్యవర్తిత్వానికి పంపి, మిగతావాళ్లను మామూలు కోర్టు దారిలోనే వదిలేశారు. మధ్యవర్తి ముందు కూర్చున్నది సగటున అయిదారు గంటలే. పన్నెండేళ్ల తర్వాత చూస్తే, ఆ కుటుంబాల్లో దూరంగా ఉంటున్న తల్లి లేదా తండ్రి వారం వారం పిల్లల్ని చూస్తున్నవాళ్లు దాదాపు 30 శాతం. కోర్టులో తేల్చుకున్న కుటుంబాల్లో 9 శాతం. చిన్న అధ్యయనమే. కానీ ఒక పూట సరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటే ఒక బాల్యమంతా ఎంత తేడా రావచ్చో చూపించింది.

ఇక్కడ కేసులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. విడాకుల కేసు, భరణం కేసు, 498ఎ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85), గృహహింస కేసు, వీటి మధ్య కస్టడీ. ఒక్కో కేసుకూ దాని న్యాయం దానికుండొచ్చు. కానీ బేరం మొదలయ్యాక ‘ఆ కేసు వెనక్కి తీసుకుంటే పిల్లాణ్ని చూపిస్తాం’, ‘పిల్లను చూపిస్తేనే డబ్బు కడతా’ అన్న మాటలు వస్తాయి. అక్కడితో పిల్లలు కూడా పరిష్కార ఒప్పందంలో ఒక అంశం అయిపోతారు.

ఒక విషయం మాత్రం పక్కాగా చెప్పుకోవాలి. ఇద్దరితోనూ బంధం ఉండాలన్న సూత్రం, హింస లేని చోటికే. తల్లినో పిల్లలనో కొట్టే మనిషి ఉన్నచోట ముందు చూడాల్సింది భద్రత. 2005 గృహహింస చట్టం ప్రకారం మేజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ తల్లికి ఇవ్వొచ్చు, కలవడం పిల్లలకు హాని అనుకుంటే కలవనివ్వకుండా ఆపొచ్చు కూడా.

నాన్న ఎన్నిసార్లు వచ్చాడు, ఏం చేశాడు

తండ్రి నెలకు ఎన్నిసార్లు కలిస్తే మేలు అన్న ప్రశ్నకు 1999లో అమాటో, గిల్‌బ్రెత్ 63 అధ్యయనాలు తిరగేసి ఒక జవాబు చెప్పారు. ఎన్నిసార్లన్నదానికీ పిల్లల స్థితికీ పెద్ద సంబంధం కనిపించలేదు. కనిపించినవి రెండు. పిల్లల ఖర్చుకు డబ్బు సరిగ్గా ఇవ్వడం, కలిసినప్పుడు నిజమైన తండ్రిలా ఉండడం. అంటే హోంవర్క్ అడగడం, తప్పు చేస్తే కోప్పడడం, వాళ్ల కబుర్లు వినడం. ఐమ్యాక్స్‌లో సినిమా, మాల్‌లో పిజ్జా, ఇంటికెళ్తూ ఒక రిమోట్ కారు, ఇలా గడిచే ఆదివారాలు పిల్లలకు సరదాగానే ఉంటాయి. ఒక మావయ్య కూడా ఆ పని చేయగలడు.

డబ్బు సంగతి మన చర్చల్లో ‘భరణం’ అనే మాట కింద భార్యాభర్తల తగాదాగా మిగిలిపోతుంది. పిల్లల వైపు నుంచి చూస్తే అది బడి మారాలా వద్దా అన్న ప్రశ్న. తల్లి ఆదాయం సరిపోక ఇల్లు మారితే, దానితోపాటు బడి, ట్యూషన్, ఆడుకునే నేస్తాలు, కొన్నిసార్లు మీడియం కూడా మారిపోతాయి. విడాకుల వల్ల అనుకుంటున్న చదువు నష్టంలో పెద్ద వాటా ఈ మార్పులదే. 2020 నవంబరులో సుప్రీంకోర్టు భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులూ ఆదాయం అఫిడవిట్‌లో చెప్పి తీరాలని, దరఖాస్తు చేసిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆర్డర్ రావడం ఒకటి, నెలనెలా డబ్బు రావడం ఇంకొకటి. జూన్‌లో ఫీజు కట్టాల్సినప్పుడు వాయిదా సెప్టెంబరుకు పడితే ఆ మూడు నెలలూ క్లాసులో లేచి నిలబడేది పిల్లలే.

స్వీడన్‌లో ఇంకో పద్ధతి బాగా పాతుకుపోయింది. ఒక వారం అమ్మ ఇంట్లో, ఒక వారం నాన్న ఇంట్లో. 2015లో అక్కడ 12, 15 ఏళ్ల పిల్లలు దాదాపు లక్షన్నర మందిని చూసిన అధ్యయనంలో, ఇలా రెండు ఇళ్లలో పెరిగే పిల్లలకు తలనొప్పి, నిద్రపట్టకపోవడం, దిగులు లాంటివి ఒక్కరి దగ్గరే ఉండే పిల్లల కంటే తక్కువ కనిపించాయి, కలిసున్న ఇళ్ల పిల్లల కంటే కొంచెం ఎక్కువ. అయితే అలా వారాలు పంచుకోగలిగే దంపతులు ముందే కాస్త సర్దుబాటు ఉన్నవాళ్లు, రెండు ఇళ్లూ పక్కపక్క వీధుల్లో పెట్టుకోగలిగే స్తోమత ఉన్నవాళ్లు. కూకట్‌పల్లిలో అమ్మ, గుంటూరులో నాన్న ఉంటే ఈ పద్ధతి కాగితం మీదే బాగుంటుంది.

దూరం ఇంకా పెరిగితే చిక్కు ఇంకా పెద్దది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో గొడవ ముదిరినప్పుడు, వేసవి సెలవులకని పిల్లల్ని ఇండియా తీసుకొచ్చి తిరిగి పంపకపోవడం తరచూ కోర్టులకెక్కే విషయం. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో, పిల్లలు వరుసగా ఆరు నెలలు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి కోర్టుకే కస్టడీ మీద అధికారం. పిల్లల్ని అక్రమంగా దేశం దాటిస్తే వెనక్కి పంపాలనే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. విదేశీ కోర్టు ఆర్డర్ ఒక అంశం మాత్రమే, పిల్లల మేలే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వాదనలన్నీ నడుస్తుండగా డల్లాస్‌లో రెండో తరగతి చదివిన పిల్ల విజయవాడలో మూడో తరగతిలో చేరుతుంది. తెలుగు రాయడం రాదు, హిందీ అసలే రాదు, ఎండకు ఒళ్లంతా దద్దుర్లు. నాన్న, ఇల్లు, టీచరు, మంచు, నేస్తాలు అన్నీ ఒకే విమాన ప్రయాణంలో పోయాయి. ఆమెను కుంగదీసింది విడాకులేనని తర్వాత ఎవరో రాసుకుంటారు.

ఇంటిపేరు, పెళ్లి కార్డు

తల్లో తండ్రో మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లలకు అది మరో సర్దుబాటు. హెదరింగ్టన్ గమనించినదాని ప్రకారం తల్లి దగ్గర పెరిగే మగపిల్లలకు మొదటి రెండేళ్లు కష్టంగా ఉంటే, అప్పటిదాకా బాగానే ఉన్న ఆడపిల్లలు సవతి తండ్రి వచ్చాక, అదీ పదకొండు పన్నెండేళ్ల వయసులో వస్తే, ఎక్కువగా ఎదురుతిరిగారు. మన దగ్గర దీనికి ఇంటిపేరు కూడా తోడవుతుంది. తల్లిది ఒక ఇంటిపేరు, పిల్లాడిది ఇంకొకటి, కొత్తగా పుట్టిన చెల్లిది తల్లి ఇంటిపేరే. అటెండెన్స్ పిలిచే ప్రతిసారీ ఇదంతా నలుగురికీ తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో, భర్త చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తల్లి పిల్లాడికి కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టింది. రికార్డుల్లో ఆమె రెండో భర్తను సవతి తండ్రి అని రాయాలని హైకోర్టు అంది. 2022 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం పిల్లాడి మనసుపై, ఆత్మగౌరవంపై ఎంత ప్రభావం చూపుతుందో ఆలోచించని, దాదాపు క్రూరమైన ఆదేశమని వ్యాఖ్యానించింది. అది విడాకుల కేసు కాకపోయినా విడిపోయిన తల్లులకూ ధైర్యం ఇచ్చే తీర్పే. అంతకు ముందే 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి, దరఖాస్తులో తల్లీతండ్రుల్లో ఒక్కరి పేరు ఇస్తే చాలన్నారు. ప్రైవేటు బడుల అడ్మిషన్ ఫారాలు చాలావరకు ఇంకా అక్కడిదాకా రాలేదు. ‘ఫాదర్ సైన్’ అన్న గళ్లు అలాగే ఉన్నాయి.

సాయం అందితే ఎంత తేడా వస్తుందో అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్ల ‘న్యూ బిగినింగ్స్’ కార్యక్రమం చూపించింది. 240 కుటుంబాలతో చేసిన ఆ ప్రయోగంలో, విడాకులైన తల్లులకు కొన్ని వారాల పాటు మామూలు విషయాలే నేర్పించారు. పిల్లలతో రోజూ కాసేపు ఏ పనీ పెట్టుకోకుండా గడపడం, క్రమశిక్షణ వదలకపోవడం, మాజీ భర్తతో తగాదాను పిల్లల ముందుకు తేకపోవడం. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ తల్లుల పిల్లల్లో డిప్రెషన్ లాంటి సమస్యలు తక్కువగా ఉన్నాయి. ఖర్చు పెద్దగా లేని ఇలాంటి కార్యక్రమం మన ఫ్యామిలీ కోర్టుల పక్కనే నడపడానికి చట్టం మారాల్సిన పనేం లేదు.

దెబ్బ మళ్లీ పెళ్లి వయసులో పైకి తేలుతుందన్న వాలర్‌స్టీన్ మాట మీద శాస్త్రపరంగా ఎన్ని అభ్యంతరాలున్నా, తెలుగు ఇళ్లలో దానికి కళ్లెదుటే కనిపించే కారణాలున్నాయి. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ‘అమ్మాయి వాళ్ల నాన్నగారు ఎక్కడుంటారు?’ అని అడుగుతారు. కుదిరాక పెళ్లి కార్డు మీద ఎవరి పేర్లు వేయాలి, కన్యాదానానికి పీటల మీద ఎవరు కూర్చోవాలి, ఇరవై ఏళ్లుగా ఫీజులు కట్టిన మేనమామా, నెలకు రెండు ఆదివారాలు వచ్చిన నాన్నా? నాన్న వస్తే ఆయన రెండో భార్య వస్తుందా, వస్తే ఏ వరసలో కూర్చుంటుంది? కొన్ని కుటుంబాల్లో తల్లీతండ్రీ ముందే ఫోన్‌లో మాట్లాడుకుని ఇవి తేల్చేసుకుంటారు. మిగతా చోట్ల ఆ రెండు ఫోన్లూ పెళ్లికూతురే చేస్తుంది, ముహూర్తానికి పది రోజుల ముందు, ఆఫీసు మెట్ల మీద నిలబడి, ఇద్దరికీ చెరో రకంగా నచ్చజెబుతూ.